గిట్టల చప్పుడు కోసం బెంగుళూరు

మా బావకు పుట్టినప్పటి నుంచీ కళ్లు కనబడవు. గుర్రప్పందాల పిచ్చి మాత్రం నిండుగా ఉండేది. ఈ రెండూ ఒకే మనిషిలో ఎట్లా కుదిరాయని అడిగితే, "సూసేటోళ్లంతా ఓడిపోతాండారు గదప్పా, అందుకే నేను ఇంటాండాను" అని నవ్వేవాడు. ఆయన పోయి రెండేళ్లయింది. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది, ఎందుకంటే ఆ ఓడిపోయేవాళ్లలో మొదటివాణ్ణి నేనే.

ఎమ్మిగనూరులో ఒక మగ్గాల ఇంట్లో కూర్చుని రాట్నం తిప్పుతూ కండెలకు నూలు చుట్టడం ఆయన పని. చేతులు నూలు మీద, చెవులు మగ్గాల మీద. ఉన్నట్టుండి "ఓ మూడో మగ్గమాయనా, పోగు తెగినట్టుంది సూసుకో" అని కేకేసేవాడు. నేసేవాడు వంగి చూస్తే నిజంగానే తెగి ఉండేది.

నేను ఆదోనిలో పత్తి వ్యాపారి దగ్గర గుమాస్తాను. ఆదివారం వస్తే బస్సెక్కి బావ దగ్గర వాలేవాణ్ణి. ఫోన్లో బెంగుళూరు పందెం కామెంటరీ పెట్టుకుని చెరొక గుర్రాన్ని ఎంచుకునేవాళ్లం. ఓడినవాడు బొరుగుల ఉగ్గాని, బజ్జి తినిపించాలి. డబ్బు పెట్టి ఆడితే ఇద్దర్నీ గడప తొక్కనియ్యనని మా అక్క ముందే చెప్పింది. ఎక్కువసార్లు తినిపించింది నేనే.

బావకు ఉన్నది ఒకే కోరిక. "ఫోన్లో ఆ యప్ప గొంతు సించుకునేదే గానీ గుర్రం ఇనపడదురా. ఒక్కసారన్నా ఆ గిట్టల సప్పుడు ఈ సెవుల్తో ఇనల్ల" అనేవాడు. వచ్చే నెల పోదాంలే బావా, అనేవాణ్ణి. ఆ వచ్చే నెల ఆరేళ్లు సాగింది. తప్పు ముమ్మాటికీ నాదే. గుండె జబ్బని డాక్టరు చెప్పిన వారం, "వచ్చే నెలంటే యా నెలరా? నేనుండే నెలేనా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. మర్నాడే రైలు టికెట్లు తీశాను.

తీరా బెంగుళూరు పోయి మెట్ల మీద కూర్చుంటే, గుర్రాలు బయల్దేరగానే జనమంతా లేచి ఒకటే అరుపులు. గుర్రాలు మా ముందు నుంచే పోయాయి గానీ బావకు ఒక్క గిట్ట కూడా వినబడలేదు. నేను ఉత్సాహం పట్టలేక "బావా, తెల్లది ముందుంది, నల్లది తరుముకుంటా వస్తాంది" అంటే, "నువ్వు గూడా అరిస్తే నేనేం ఇనల్లప్పా?" అని కసురుకున్నాడు. రెండో పందెమూ అంతే, ఆ తరువాతివీ అంతే. బావ ముఖం వాడిపోయింది. "సంతలో అరుపులు ఇనేకి ఇంత దూరం రావల్లనా?" అన్నాడు మెల్లగా.

ఇక ఆఖరి పందెం ఒకటే మిగిలింది. బావ చెయ్యి పట్టుకుని, జనాన్ని తోసుకుంటూ, మనుషులు లేని మలుపు దగ్గర కంచె దాకా లాక్కుపోయాను. అక్కడి కాపలాదారు అడ్డం వచ్చాడు. నాకొచ్చిన కన్నడం అంతంతమాత్రం. బావే ముందుకు జరిగి, "నోడక్కె బందిల్ల స్వామీ, కేళక్కె బందిదీని" అన్నాడు. చూడటానికి రాలేదు, వినడానికి వచ్చానని. ఆ మనిషి బావ ముఖం చూశాడు, నా ముఖం చూశాడు, పక్కకు తప్పుకున్నాడు.

"నాది ఐదో నంబరు" అన్నాడు బావ.

"నాది రెండు" అన్నాను.

ముందు కాళ్ల కింద నేల అదిరింది. బావ నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. ఆ తరువాత వచ్చిందయ్యా ఆ చప్పుడు! వంద మగ్గాలు ఒక్కసారిగా ఆడినట్టు మా మీదికి వచ్చి, మమ్మల్ని దాటి, మలుపు తిరిగిపోయింది.

"పోయినాయా?" అన్నాడు బావ. ఆయన చెంపలు తడిసి ఉన్నాయి.

"పోయినాయి బావా."

బావ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తరువాత ఆయనకు ఉగ్గాని గుర్తొచ్చింది. "యాది ముందుండె? నాదా, నీదా?"

"తెలీదు బావా."

"తెలీకేందిరా? నీ కండ్ల ముందర్నించే గదా పోయినాయి!"

"నేను గూడా కండ్లు మూసుకుంటి."

బావ కంచె పట్టుకుని వంగి వంగి నవ్వాడు. "ఓరి నీ పాసుగూల! ఇంత దూరం పిల్సుకొచ్చి నువ్వు గూడా కండ్లు మూసుకుంటే, ఇంటికి దావ సూపేదెవరురా?"