చేప తాళం

ట్రాయ్ ఊళ్లో హరనాథ్ గారింటికి ఎవరు వెళ్లినా కాఫీ కంటే ముందు కొరియా పెట్టె దర్శనం తప్పదు. రిసెషన్‌లో కార్ల కంపెనీ ముందే రిటైర్ చేసిన ఇంజనీరాయన. ఎవరో పోయాక వాళ్లింటి సామాను అమ్మేసే ఎస్టేట్ సేల్‌లో దొరికిన ఆ పాత చెక్కపెట్టె ముందు మఠం వేసుకుని, తెల్ల గ్లవ్స్ తొడుక్కుని మొదలుపెడతారు. "తాళం చేప ఆకారంలో ఎందుకుందో చెప్పండి? చేప కన్ను మూయదు. రాత్రింబవళ్లు కాపలా! ఈ మడతబందులు సీతాకోకచిలుకల జంట. అంటే అన్యోన్య దాంపత్యం." ఇత్తడి మీది నలుపు చూపించి, "దీని వయసంతా ఇందులోనే ఉంది. ముట్టుకోకండి," అంటారు.

ఒక శనివారం, పక్కింట్లో ఉండే కొరియా ఆవిడ మిసెస్ పాక్‌ని భోజనానికి పిలిచారు. ఆయన పెరుగు కోసం షాపుకెళ్లి వచ్చేసరికి చేప ధగధగా మెరుస్తోంది.

"ఇంటికి మనిషొస్తుంటే ఇత్తడి అలా కిలుం పట్టి ఉంటే ఏం బావుంటుందండీ? చింతపండేసి తోమాను. ఒక్క సీతాకోకచిలుక మిగిలింది," అన్నారు భార్య జానకీదేవి, చేతులు తుడుచుకుంటూ.

ఇంతలో బెల్ మోగింది. హరనాథ్ గారు అలవాటుగా గ్లవ్స్ తొడుక్కున్నారు గానీ, ఆయన నోరు విప్పేలోపే మిసెస్ పాక్ పెట్టె ముందు కూర్చుని చేపను వేలితో నిమిరారు.

"పండగొస్తే మా అమ్మమ్మ ఇంటిపెంకుల పొడితో ఇత్తడిని ఇలాగే తోమేది," అని నవ్వి, నల్లగా మిగిలిన సీతాకోకచిలుక దగ్గర ఆగారు. "పాపం, జంటలో దీన్నొక్కదాన్నీ ఎందుకు వదిలేశారు?"

హరనాథ్ గారు గ్లవ్స్ తీసేసి వంటింటి వైపు నడిచారు.

"జానకీ, చింతపండు ఏ డబ్బాలో ఉంది?"