మేనత్త మంచం చుట్టూ

మొన్న పావగడ బస్టాండులో టీ తాగుతుంటే నా పాత స్టూడెంటు ఫోను చేసింది. మడకశిర పిల్ల. ఇప్పుడు బెంగళూరులో, నయం కాని జబ్బులవాళ్లను చూసుకునే ఆసుపత్రిలో పెద్ద నర్సు. "మేడమ్, కొత్త పిల్లలొచ్చినారు. మంచం దగ్గరికి పోవాలంటేనే వణుకుతాండారు. మీరు మమ్మల్ని పిల్చుకొని పోయినట్టు వీళ్లనీ యాడికన్నా పిల్చుకొని పోదామా?" అనింది. సరేనన్నాను గానీ, టీ చల్లారేదాకా నా మనసు తిరుమణిలోనే ఉండిపోయింది.

తిరుమణిలో మా మేనత్త ఉండేది. పొలాలు సోలారు కంపెనీలకు లీజుకు పోయి, ఊరి చుట్టూ నల్లటి పలకలు పరుచుకున్న కాలమది. అంతకుముందు గొర్రెలు తోలిన మనిషి. వాకిట్లో నిలబడి కేకేస్తే గుట్ట మీది మంద వెనక్కి తిరిగేది. ఒక ఎండాకాలం, కడుపులో క్యాన్సరు ముదిరిపోయిందని, ఇంక చేసేదేమీ లేదని డాక్టర్లు ఆమెను ఇంటికి పంపేసినారు. చివరి రోజుల్లో ఉన్నవాళ్లను ఎట్లా చూసుకోవాలో నేనప్పుడు నర్సింగు స్కూల్లో నల్లబల్ల మీద రాసి చెప్తుండేదాన్ని. రాసి రాసి విసుగొచ్చి, "అత్తా, మా పిల్లల్ని నీ దగ్గరికి తీసుకరానా?" అని అడిగినాను. "తీస్కరామే. ఈ ఇంట్లో నోరు తెరిచేవాళ్లే లేరు" అనింది.

నోరు తెరవనీకుండా చేసింది ఆమె కొడుకు, మా బావ. మమ్మల్ని గడపలోనే ఆపి, "జబ్బు మాట ఎత్తొద్దండి. అమ్మకు తెలిస్తే గుండె పగిలిపోతాది" అన్నాడు. మడకశిర పిల్ల భయపడుతూనే లోపలికి పోయి, దుప్పటి సర్ది, "నీకేం కాదవ్వా, వారంలో లేచి తిరుగుతావు" అనింది. అత్త నా వైపు తిరిగి, "ఏందే, అబద్ధాలాడేది కూడా నువ్వే నేర్పిస్తాండావా?" అనింది. పిల్ల మొహం ఎర్రబడింది. "నేను పోతాండానని నాకు తెలుసమ్మా. నా కొడుకు తట్టుకోలేడని నేనే చెప్పకుండా ఉండా" అనింది అత్త. గడపలో ఉన్న బావ వచ్చి, చిన్నపిల్లోని మాదిరి ఆమె ఒళ్లో తల పెట్టి ఏడ్చినాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో గుసగుసలు లేవు.

మాతో తుమకూరులో డాక్టరు చదివే అబ్బాయి కూడా వస్తుండేవాడు. వాళ్ల ఆసుపత్రి పెద్ద డాక్టరు రాసిచ్చిన నొప్పి మందు వేళకు పడేసరికి అత్తకు కంటినిండా నిద్ర వచ్చింది. మరుసటిసారి మడకశిర పిల్ల ధైర్యం చేసి, "అవ్వా, నీకేం కావాల?" అని అడిగింది. దేవుని దర్శనమో, మైసూరుపాకో అంటుందనుకున్నాం. "నాగలమడికలో మా తోడికోడలుండాది. దాన్ని పిలిపించండి" అనింది.

వాళ్లిద్దరూ మాట్లాడుకోక ఎన్నేండ్లో. ఆమె మేక తన చెనిక్కాయ చేను మేసిందని అత్త, కాదు నీ గొర్రెలేనని ఆమె. పెళ్లిళ్లలో కూడా ఎదురెదురు బంతుల్లో కూర్చునేవాళ్లు. డాక్టరు అబ్బాయి బైకు మీద పోయి ఆమెను కూర్చోబెట్టుకొచ్చినాడు. ఆమె దిగీదిగగానే, "ఎట్లయిపోయినావక్కా!" అని బోరుమనింది. అత్త ఆమె చెయ్యి పట్టుకొని, "ఏడుపు తర్వాత. నా చేను మేసింది నీ మేకే గదా?" అనింది.

"సచ్చినా ఒప్పుకోను!"

"సచ్చేది నేను, నువ్వు కాదు. ఒప్పుకో!"

ఇల్లంతా ఘొల్లున నవ్వింది. డాక్టరు అబ్బాయి నవ్వొచ్చో లేదో తెలియక నా మొహం చూసినాడు. "నవ్వప్పా" అన్నాను.

ఆమె ఇంక నాగలమడికకు పోలేదు. అత్తకు తల దువ్వేది, రాగి అంబలి తాపేది, పొద్దున్నే మేక సంగతి ఎత్తేది. ఒకరోజు అత్త నిద్రపోతుంటే మడకశిర పిల్లతో మెల్లిగా అనింది: "మేసింది నా మేకేలే. ఒప్పుకుంటే రేపు కొట్లాడేదానికి ఏముంటాది?"

ఒక తెల్లవారుజామున అత్త తోడికోడలి చేతిలో చెయ్యి పెట్టి నెమ్మదిగా పోయింది. మా పిల్లలు ఏడ్చినారు, ఏడుస్తూనే అత్త మాటలు తలుచుకొని నవ్వినారు. మిగిలింది కొన్నాళ్లేనని తెలిసినాక కూడా ఆ ఇంట్లో ఎవరూ తొందరపడలేదు. మిగిలింది కొంచెం కాలమైనా అంత తీరిగ్గా బతకొచ్చని నేను ఆ ఎండాకాలంలోనే చూసినాను.