టిఫిన్ క్యారియర్‌లో ఇంటికొచ్చిన వాచీ

నా చిన్నప్పుడు చందానగర్‌లో మా వీధికంతటికీ టైము చెప్పేది మా నాన్న చేతి వాచీయే. కార్ఖానా సైరన్ రోజూ మోగేది. అయినా బొంబాయి రోడ్డు మీద బస్సు కోసం పరుగెత్తేవాళ్లు మా అరుగు ముందు ఒక్క క్షణం ఆగి, "సారూ, టైమెంత?" అని అడిగి కానీ కదిలేవారు కాదు. నాన్న చొక్కా చేతిని కొంచెం పైకి జరిపి, వాచీని తీరిగ్గా చూసి చెప్పేవారు. ఆయనకు అదొక ముచ్చట.

మేము కాకినాడ వైపు నుంచి వచ్చినవాళ్లం. నాన్న దగ్గర్లోని కార్ఖానాలో ప్రెస్సు మిషను నడిపేవారు. ఆ వాచీ ఆయన మేనమామ ఇచ్చింది. ఓడలో పనిచేసే ఆయన ఏదో రేవులో కొని నాన్న పెళ్లికి తెచ్చాడట. మీగడ రంగు డయలు, అంచుల దగ్గర కాస్త పసుపు తిరిగింది. దానికి రోజూ కీ ఇవ్వాలి. పొద్దున రేడియోలో వార్తలయ్యాక నాన్న అరుగు మీద కూర్చుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆ చిన్న బొడిపెను పట్టుకుని నెమ్మదిగా తిప్పేవారు. ఆ పని మరొకరి చేతికి ఎన్నడూ ఇవ్వలేదు, అమ్మకైనా సరే.

కీ ఇస్తూ నాకు ఆ వాచీ పుట్టిన చోటు గురించి చెప్పేవారు. స్విట్జర్లాండులో కొండల మధ్య పల్లెలు. చలికాలంలో మంచు తలుపుల ఎత్తున పేరుకుంటే పొలం పనులుండవు. అప్పుడు రైతులు కిటికీ వెలుగులో బల్లలు వేసుకుని వాచీ సామాను చేసేవారట. ఒక ఇంట్లో బిగించే చిన్న మరలు, ఒక ఇంట్లో పళ్లచక్రాలు, ఇంకో ఇంట్లో ముళ్లు. మంచు కరిగాక ఒకాయన బుట్ట పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అవన్నీ పోగుచేసి వాచీలుగా కూర్చేవాడట. మా వాచీ మీద పేరున్న కుటుంబంలో మొదటి తాత కేవలం మరలు సానబట్టినవాడని, ఆ పేరు డయలు మీదికి ఎక్కింది మనవడి కాలంలోనని మేనమామ చెప్పాడట. నాన్న ఆ తాతను ఎరిగినవాడిలా మాట్లాడేవారు.

ప్రమాదం జరిగిన తేదీ నేను చెప్పలేను. నా డైరీలు ఆ తర్వాత కొన్నేళ్లకు మొదలయ్యాయి. నాలుగో తరగతిలో ఉన్నానని మాత్రం తెలుసు. మిషను దగ్గరికి వెళ్లేముందు అక్కడివాళ్లు వాచీలు, ఉంగరాలు తీసేస్తారు. నాన్న తన వాచీని రుమాల్లో చుట్టి, టిఫిన్ క్యారియర్‌లో దానికోసమే ఖాళీగా ఉంచిన పై గిన్నెలో పెట్టేవారు. ఆ సాయంత్రం నాన్నకు బదులు ఆ క్యారియర్ ఇంటికొచ్చింది. తెచ్చినాయన వాకిట్లో నిలబడి అమ్మతో ఏదో అన్నాడు. అమ్మ గడప మీదే కూర్చుండిపోయింది. నేను గిన్నె మూత తీశాను. రుమాల్లో వాచీ నడుస్తూనే ఉంది. పొద్దున నాన్న వేళ్లు ఇచ్చిన కీ ఇంకా అందులో ఉంది. ఆ వేళ్లు మాత్రం లేవు.

పట్నంలో పెద్ద దవాఖాన నుంచి నాన్న తిరిగొచ్చేసరికి కుడిచేతికి రెండు వేళ్లే మిగిలాయి. బొటనవేలు, దాని పక్కవి రెండూ పోయాయి. వచ్చినరోజే మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నారు. పిలిస్తే పలకరు. అన్నం కలిపి పెడితే రెండు ముద్దలు తిని తల తిప్పేసేవారు. "ఒక్కసారి ఇటు చూడండి, మీ కాళ్లు పట్టుకుంటాను" అని అమ్మ బతిమాలడం విని నేను వంటింట్లోకి పారిపోయేదాన్ని.

ఒకరోజు పొద్దున బావి గిలక మీద చేదతాడు కనపడలేదు. అమ్మ దాన్ని విప్పి తెచ్చి బియ్యం డబ్బా వెనక దాచింది. నీళ్లు కావలసినప్పుడల్లా తాడు తీసుకెళ్లి తోడుకుని, తడితాడును మళ్లీ తెచ్చి అక్కడే పెట్టేది. ఎందుకని నేను అడగలేదు. "నేను వచ్చేదాకా నాన్న దగ్గరే కూర్చో అమ్మా, కదలకు" అనేది. నేను కదిలేదాన్ని కాదు. నాన్న వీపు చూస్తూ, ఊపిరికి చొక్కా లేస్తోందా లేదా అని చూస్తూ కూర్చునేదాన్ని. అంత భయం నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

మా గోడకు ఆనుకున్న ఇంట్లో ఒక పెద్దమ్మ ఉండేది. ఆ ఊరి మనిషే, నోరు పెద్దది. అందరూ మా ఇంట్లో గొంతు తగ్గించి మాట్లాడుతుంటే ఆమె మాత్రం తగ్గించలేదు. వచ్చీ రాగానే, "ఏంది సారూ, గోడ మీద ఏమన్న సినిమా ఆడుతుందా? జర మాకు గూడ జెప్పు, టికెట్ కొంటం" అంది. నాన్న కదలలేదు. ఆమె కాసేపు చూసి, అమ్మవైపు తిరిగి, "గా గడియారం యాడ వెట్టినవ్? పెట్టెల వెడితే తుప్పు వడ్తది. పిల్లకియ్యి, కీ ఇస్తది" అంది.

అమ్మ భయపడుతూనే తీసిచ్చింది. వాచీ ఎప్పుడో ఆగిపోయింది. పెద్దమ్మ నన్ను నాన్న మంచం పక్కనే కూర్చోబెట్టి, వీధిలోవాళ్లకు కూడా వినపడేలా చెప్పింది: "పైలం బిడ్డా. నాలుగు తిప్పులు తిప్పి ఆపు. ఎక్కువ తిప్పితే పుటుక్కున తెగుతది."

నేను అలాగే చేశాను. సైరన్‌కు టైము సరిచేసి, నాలుగు తిప్పులు తిప్పి ఆపేదాన్ని. పాపం ఆ వాచీ కాసేపు నడిచి ఆగిపోయేది. మధ్యాహ్నం పెద్దమ్మ వచ్చి, "టైమెంతైంది బిడ్డా?" అనేది.

"ఆగిపోయింది పెద్దమ్మా."

"ఆగితే ఆగనీ. అదేమంటుందో జెప్పు."

"ఎనిమిదింపావు."

"అట్లనా! ఎనిమిదికే నెత్తి మాడుతుందే. వాళ్ల దేశంల పొద్దు గిట్లనే ఉంటదేమో" అని పెద్దగా నవ్వేది. అరుగు ముందు ఎవరైనా పోతుంటే కేకేసి మరీ, "సారు గడియారం ఎనిమిది అంటుంది, ఇగ పండుకోండ్రి" అనేది. నాకు ఏడుపొచ్చేది. ఆమె మా కష్టాన్ని వేళాకోళం చేస్తోందని, నాన్న వింటున్నారని ఆమె మీద మండిపోయేదాన్ని. రోజూ ఇదే వరస. నాన్న వీపు మాత్రం అలాగే ఉండేది.

ఒక పొద్దున నేను వాచీ తీసుకుని కూర్చున్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆపాను.

"అలా కాదు."

ఎవరన్నారో నాకు ముందు అర్థం కాలేదు. ఆ గొంతు అంత బొంగురుపోయింది.

"అలా కాదమ్మలూ. చివరిదాకా తిప్పు."

"తెగిపోతుంది నాన్నా."

"ఎవరన్నారు?"

"పెద్దమ్మ."

"ఆవిడకేం తెలుసు!" అని నాన్న ఇటు తిరిగారు. నెమ్మదిగా లేచి కూర్చున్నారు. గడ్డం పెరిగిన ఆ ముఖాన్ని వెలుతురులో చూడటం నాకదే మొదలు. కట్టు కట్టిన చేతిని చాపి, "దీంట్లో పెట్టు. నేను పట్టుకుంటాను, నువ్వు తిప్పు" అన్నారు. పెట్టాను. మిగిలిన రెండు వేళ్లతో ఆయన వాచీని అరచేతికి అదిమి పట్టుకున్నారు. నేను తిప్పాను. నాలుగు దాటగానే కళ్లు మూసుకున్నాను. "భయపడి సగంలో ఆపకు. చాలని అదే చెబుతుంది" అన్నారు. చెప్పింది. బొడిపె నా వేళ్ల కింద బిగిసి ఇక కదలనంది.

వంటింటి గుమ్మంలో అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. పెరటిగోడ మీదుగా తొంగిచూసిన పెద్దమ్మ చటుక్కున తల కిందికి దించేసింది.

ఆ రోజు నాన్న చాలా రోజుల తర్వాత ఆ మంచుకొండల పల్లె సంగతి ఎత్తారు. ముందెన్నడూ చెప్పని ముక్క ఒకటి చెప్పారు. మరలు సానబట్టే తాతకు ముసలితనంలో చూపు పోయిందట. అప్పుడు ఆయన మరను వేలికొసతో తడిమి చెబుతుంటే, మనవరాలు పక్కన కూర్చుని సానబట్టేదట. ఆ ఏడు కూడా మంచు కరిగి బుట్టాయన వచ్చేసరికి ఆ ఇంట్లో మరలు సిద్ధంగా ఉన్నాయట.

చేదతాడు మర్నాడే గిలక మీదికి పోలేదు. ఆ తర్వాతా నాన్న గోడవైపు తిరిగిన రోజులున్నాయి. కానీ పొద్దున వార్తలయ్యాక చెయ్యి చాపేవారు, నేను వాచీ పెట్టేదాన్ని. ఎండలు ముదిరేనాటికి ఎడమచేత్తో తనే తిప్పుకోవడం నేర్చుకున్నారు. కార్ఖానాలో వేరే పని ఇచ్చారు. ఆయన మళ్లీ పనిలోకి వెళ్లిన రోజున అమ్మ తాడును గిలకకు కట్టింది.

నేను కాలేజీలో చేరాక పెద్దమ్మను అడిగాను, నాలుగు తిప్పులకు మించి తిప్పితే తెగుతుందని ఎవరు చెప్పారని. ఆమె వక్క కొరుకుతూ, "నాకేం ఎరుక బిడ్డా! మీ నాయిన గా గడియారాన్ని ఎవ్వల చేతికీ ఇయ్యకపోతుండె. దాన్ని కరాబు జేస్తె ఊకుంటడా? ఎట్లన్న లేస్తడనుకున్న. నువ్వు రోజు ఏడ్వవడ్తివి, నాకు గూడ పానం గుంజుతుండె" అంది.

ఇప్పుడు నల్లగండ్లలో నా అపార్టుమెంటు బాల్కనీలోంచి చూస్తే అన్నీ అద్దాల మేడలే. ఆ వాచీ నా దగ్గరే ఉంది. దాన్ని తయారుచేసిన కుటుంబం గురించి దొరికినంతా చదివాను. మరల తాత ఉన్నాడు, బుట్టాయనా ఉన్నాడు. చూపు పోవడం గానీ, మనవరాలు గానీ ఎక్కడా లేవు. నాన్నను అడిగే వీలు ఇప్పుడు లేదు, అడిగేదాన్ని కూడా కాదు.

దుఃఖంలో గోడవైపు తిరిగినవాళ్లు మా ఇంట్లో తర్వాత కూడా ఉన్నారు. వాళ్లకు నేను ధైర్యం చెప్పలేదు. వాళ్లకు బాగా వచ్చిన పని ఏదో ఒకటి తీసుకుని, పక్కన కూర్చుని తప్పుగా చేస్తాను. చాలాసార్లు ఫలించదు. మర్నాడు మళ్లీ కూర్చుంటాను. పొద్దున డైరీ తెరిచే ముందు వాచీకి కీ ఇస్తాను. నాలుగు తిప్పుల దగ్గర నా చెయ్యి ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతుంది. తర్వాత చివరిదాకా తిప్పుతాను.