నడకకు కట్టిన బండి

మగ్గం గుంటలో కాళ్లాడించినన్నాళ్లూ వెంకటరాజానికి ఏ జబ్బూ లేదు. నలుగురితో నేయించే షావుకారయ్యాక కొల్లాపూర్‌లో ఆయన పరుపు దిగితే ఒట్టు. యాభై దాటేసరికి చక్కెర జబ్బు పట్టుకుంది, కాలి పుండు మానలేదు.

"కూసునుడే నీ రోగం. రోజు రెండు మైళ్లు నడువు, లేకుంటే కాలు పోతది" అన్నాడు దవాఖాన డాక్టరు.

మర్నాడు ఆ మహానుభావుడు నడకకు ఎడ్లబండిలో బయలుదేరాడు!

"ఊర్ల నడుస్తె బండి అమ్ముకున్నడంటరే" అన్నాడు భార్యతో.

"కాలు పోయినంక ఏమంటరో?" అంటూ ఆండాళు, వీధిలో సాగదీసిన పడుగు నూలుకు గంజి రాసే కుంచె చేతికిచ్చింది. "గీ పడుగు పొంటి తిరుగుండ్రి. పని చూస్తుండనుకుంటరు."

రోజూ తిరిగాడు. మూడు నెలలకు పుండు మానింది.

"దవాఖాన మందు మంచిది" అంటాడిప్పుడు అడిగినవాళ్లతో, కుంచెను వీపు వెనక దాచుకుని.