మేమే చేతులెత్తి మూసుకున్న సందు

ఈమధ్య బిలాస్‌పూర్ శివారు ఉస్లాపూర్‌లో మేమిప్పుడుంటున్న కాలనీకి కార్పొరేషన్ నుంచి ఒక అమ్మాయి వచ్చి, ఇక్కడ రోడ్డు ఎలా ఉండాలి, చెట్లు ఎక్కడ పెట్టాలి అని ఇంటింటా అడిగి రాసుకుంటూ మా గుమ్మంలోనూ నిలబడితే, పాపం ఆ పిల్ల అడిగింది రెండు ముక్కలే అయినా నేను కూర్చోబెట్టి టీ ఇచ్చి గంటసేపు వదల్లేదు. మాట్లాడే మనిషి దొరకడం నాకిప్పుడు అంత అపురూపం. ఆమె వెళ్లాక మాత్రం ఇదే ఊళ్లో తార్‌బహార్‌లో మేం మొదట కాపురమున్న ఇంటి వెనక సందు గుర్తొచ్చి ఆ పూట అన్నం సహించలేదు.

ఎనభైల్లో పెళ్లయి శ్రీకాకుళం వైపు నుంచి బిలాస్‌పూర్ వచ్చినప్పుడు నాకు కూరలు బేరమాడేంత హిందీ కూడా రాదు. మా ఆయన గూడ్సు గార్డు. డ్యూటీకి వెళితే మళ్లీ ఇంటికి ఎప్పుడు చేరతారో ఆయనకే తెలియదు. ఆ రోజుల్లో నన్ను బతికించింది ఆ సందుకు అవతలి వరస ఇంటి పెద్దమ్మ. రెండు వరసల ఇళ్లకూ వంటింటి తలుపులు ఆ సందులోకే తెరుచుకునేవి కనుక, మోకాళ్ల నొప్పులతో వీధిలోకి నడవలేని ఆవిడ కూడా గోడ పట్టుకుని నాలుగడుగులు వేసి మా గడప మీద కూలబడి, "ఏటే అమ్మీ, ఏటొండినావు?" అని మా వైపు యాసలోనే పలకరించేది. మీలో పరాయి ఊళ్లో కాపురం పెట్టినవాళ్లకు ఆ పలకరింపు విలువ చెప్పక్కర్లేదు. చారులో ఉప్పు ఎక్కువైన సంగతి దగ్గర్నుంచి అమ్మ మీద బెంగ దాకా అన్నీ ఆవిడకే చెప్పుకునేదాన్ని.

సందులో మురుగు నిలుస్తోందని అందరం గోల పెడితే, ఒక ఆదివారం మునిసిపాలిటీ ఇంజనీరు గారు వచ్చి ఇంటికొకరిని పిలిచి, కాగితం మీద గీసి చూపిస్తూ రెండు దారులు చెప్పారు. కాలువకు మూత వేసి, రాళ్లు పరిచి, వేపమొక్కలు నాటి సందును అందరికీ ఉంచడం ఒకటి. కాలువను పైపులో పెట్టి పూడ్చి, ఆ నేలను మధ్యలో గోడ పెట్టి రెండు వరసలకూ సగం సగం పంచెయ్యడం రెండోది. రెండోదానికి ఏ ఒక్కరు కాదన్నా సందు ఉండిపోతుందని ఆయన ఒకటికి రెండుసార్లు అన్నారు. మా ఆయన డ్యూటీ మీద బండిలో ఉండడంతో మా ఇంటి తరఫున నేనే కూర్చున్నాను. పెద్దమ్మ తరఫున ఆవిడ కొడుకు. పంచుకుందామని అందరి చేతులూ లేచాయి. అబద్ధమెందుకు, ఆ కాస్త నేలలో ఇంట్లోనే స్నానాలగది కట్టుకోవచ్చని నాకూ ఆశ పుట్టింది. అంతమంది మగవాళ్ల మధ్య, వచ్చీరాని హిందీలో, ఒక్కదాన్నే కాదనాలంటే నోరూ పెగల్లేదు. చెయ్యెత్తాను.

సాయంత్రం విషయం తెలిసి పెద్దమ్మ కోప్పడలేదు. "అచ్ఛా. మరి నానెలగొచ్చేదే, అమ్మీ?" అని మాత్రం అంది. నేనే వస్తానులే అన్నాను.

వెళ్లాను కూడా, మొదట్లో. వీధి చివరిదాకా నడిచి చుట్టు తిరిగి వెళ్లాలి. ఆపైన బాబు పుట్టాడు, వాడి జ్వరాలు, ఆయన డ్యూటీలు, ఈరోజు కాకపోతే రేపు అనుకుంటూ నెలలు గడిచాయి. మా కొత్త స్నానాలగదిలో నిలబడితే గోడకు అవతల ఆవిడ దగ్గు వినపడేది. ఒక వేసవిలో ఆ దగ్గు ఆగితే నయమైందనుకున్నాను. ఆవిడ ఆసుపత్రిలో పోయిందనీ, అటునుంచటే తీసుకెళ్లిపోయారనీ మూడోరోజున కూరలమ్మే ఆమె చెబితే తెలిసింది.

ఇప్పుడు కట్టే కాలనీల్లో గోడలు ముందే ఉంటాయి. జనం కూడా ఎవరికి వారుగా ఉండడానికి సిద్ధపడే వచ్చి చేరతారు. మాకు అలా కాదు. పెద్దమ్మ నా గడప దాకా రావడానికి దారి ఉండాలా వద్దా అని నన్నే అడిగారు. వద్దన్నాను.