నాయిన ఊసేసిన ఎర్ర గోలీ

మా చిన్నప్పుడు... సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున్నే మా నాయిన అంగన్‌వాడీ ముందు గొంతుక్కూర్చునేవాడు. టీచరమ్మ చూస్తుండగా ఏడు గోలీలు మింగాలి. అప్పట్లో టీబీ మందు ఇంటికి ఇచ్చేవాళ్ళు కాదు... కళ్ళ ముందే మింగించేవాళ్ళు.

జూలూరుపాడు అవతల, అడవి అంచున మా ఊరు. బీడీల తునికాకు కోతకు అందరికంటే ముందు నడిచే నాయిన, ఆ ఏడు దగ్గి దగ్గి గుంజకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

మందు మొదలైన రోజే, మధ్యాహ్నం దడి వెనక నుంచి పాలిపోయిన మొఖంతో వచ్చాడు. ఒంటేలు ఎర్రగా వచ్చిందట. అమ్మ తల బాదుకుంది, ఉన్న నెత్తురంతా కారిపోతున్నదని... ఆ ఏడింటిలో ఒకటి ఎర్ర గోలీ. నెత్తురు లాగేది అదేనని ఇద్దరూ తేల్చుకున్నారు. టీచరమ్మ ముందే చెప్పిందేమో గానీ, ఆ దగ్గులో ఎవరికి వినపడింది...

అప్పటి నుంచి ఆరు మింగి, ఎర్రదాన్ని దవడన దాచేవాడు. మేకల కొట్టం వెనక ఊసేసేవాడు. ఒకరోజు నా కంట పడ్డాడు. నా చెయ్యి పట్టుకుని, "టీచరమ్మకు చెప్పకు బిడ్డా... నెత్తురు లేకుంటె మిమ్ముల నేనెట్ల సాకాలె?" అన్నాడు.

నేను చెప్పలేదు. రోజూ మోకాళ్ళూని ప్రార్థన చేశాను. దేవుడికి అన్నీ చెప్పాను... టీచరమ్మకు ఆ ఒక్క మాట చెప్పలేదు.

రెండు నెలలకు తెమడ పరీక్షలో పురుగు ఇంకా ఉందని తేలింది. పొద్దున గోలీలు మింగించిన టీచరమ్మే మధ్యాహ్నం ఇంటికి వచ్చి, ఒంటేలు ఎర్రగా వస్తున్నదా అని అడిగింది.

నాయిన సంబరంగా, "లేదు టీచరమ్మా, ఎప్పుడో శుభ్రమైంది" అన్నాడు.

ఆమె అరుగు మీద కూలబడింది. తరువాత మెల్లగా...

"అన్నా, అది నెత్తురు గాదు, గోలీ రంగు. అది కడుపుల కరిగి, నెత్తుట్ల కలిసి, ఊపిరితిత్తులల్ల పురుగును చంపుతది. మన కార్జం దాన్ని ఇరగ్గొట్టి బయటికి తోస్తది, గందుకే గట్ల ఎర్రగ వస్తది. ఎర్రగ రాలేదంటె... ఆ మందు నీ ఒంట్లకు పోనే లేదు."

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాయిన నా వైపు చూశాడు. నేను నేల చూశాను.

మళ్ళీ మొదటి నుంచి మందు... ఈసారి సూదులు కూడా. నాయిన ఒక్క గోలీ ఊసెయ్యలేదు. కానీ ఊపిరితిత్తులను పురుగు అప్పటికే తినేసింది. మరుసటి ఏడు ఆకు కోతకు ముందే పోయాడు.

ఇప్పుడు నేను చర్చిలో దేవుడి వాక్యం చెప్పే మనిషిని. ఏ బోధన బడికీ పోలేదు... చదివీ చదివీ గ్రంథం అట్టలు ఊడిపోయాయి. ప్రార్థన చాలు, గోలీలు పారెయ్యండి అనే బోధకుడు కనపడితే అక్కడే నిలదీస్తాను. గ్రంథంలో పుండు లేచి చావుకు దగ్గరైన రాజు మొర దేవుడు విన్నాడు కదా... విన్నాక కూడా ప్రవక్త చేత పుండుకు అంజూరపు పండ్ల ముద్ద పెట్టించాడు కదా. ఆ పేజీ నువ్వు తిప్పలేదా అని అడుగుతాను.

ఇప్పుడు మందు ఇంటికే వస్తున్నది, ఫోన్లో గుర్తు చేస్తున్నారు. మంచిదే... కానీ అరుగు మీద కూర్చుని, ఒంటేలు ఏ రంగని అడిగే మనుషులు తగ్గిపోయారు.

మీ ఇంట్లో ఎవరైనా భయపడి మందు దాచడం చిన్నప్పుడు మీ కంట పడిందా... పడితే ఎవరికైనా చెప్పారా, నాలాగే నోరు మూసుకున్నారా... ఇక్కడ రాయండి.