బ్రేకు మీద మంగమ్మ

బేసిల్ తన పాత కారు ముందు భాగం విప్పేసి చాలా రోజులైంది. చాట్స్‌వర్త్‌లో ఆ వీధివాళ్ళు అడగడం కూడా మానేశారు. ఇంజను ముందు చివర తిరిగే క్రాంకు పుల్లీ రబ్బరు చీలిపోయి, బెల్టు జారుతోందని పాతది పీకేశాడు. కొత్తది వచ్చిందా అని తల్లి మంగమ్మ అడిగితే "ఇంకా రాలేదమ్మా" అంటాడు. అది వచ్చి వారమైంది. పాత పేపరులో చుట్టి, షెడ్డులో రంగు డబ్బాల వెనక దాచాడు. సొంత ఇంట్లో సొంత సామాను దాచుకునే మగమహారాజుని మీరెక్కడైనా చూశారా?

కారణం లేకపోలేదు. అది తొంభైనాలుగు ఏప్రిల్. దేశంలో అన్ని రంగులవాళ్ళూ కలిసి మొదటిసారి ఓటు వెయ్యబోతున్నారు. ఓటర్ల జాబితా అంటూ లేదు, ఎక్కడికి వెళ్ళైనా వెయ్యవచ్చు. ఆ మాట రేడియోలో విన్న దగ్గర్నుంచి మంగమ్మది ఒకటే పట్టు.

"ఏస్తే రివర్‌సైడ్‌లోనే ఏస్తాను."

రివర్‌సైడ్ అంటే ఉమ్గేని ఏటి ఒడ్డున వాళ్ళు ఒకప్పుడు బతికిన చోటు. ఇకమీదట అక్కడ తెల్లవాళ్ళే ఉండాలని చట్టం చేసి, ఇళ్ళు ఖాళీ చేయించి, కూల్చేశారు. సామాన్లన్నీ తమ లారీకెత్తి చాట్స్‌వర్త్ వచ్చి పడ్డారు వీళ్ళు. అప్పటికి బేసిల్‌కి పదేళ్ళు. ఆ తరవాత తండ్రి రోనాల్డ్ ఎక్కువ కాలం బతకలేదు. ఆ బోడినేల చూస్తే అమ్మ గుండె ఆగిపోతుందని బేసిల్ భయం. కారు లేదంటే ఆవిడే దిగొస్తుంది, పక్కవీధి బడిలో ఓటు వేయించేద్దాం అనుకున్నాడు. మంగమ్మ దిగిరావడమే! నలభై ఏళ్ళు దాటినా కొడుక్కి తల్లి సంగతి తెలియలేదు.

ఓటు రోజు తెల్లవారగానే అతని భార్య వెలరీ పక్కింటివాళ్ళతో కలిసి బడి దగ్గర వరసలో నిలబడటానికి వెళ్ళింది. తల్లిని కూడా అక్కడికే నడిపించుకు వెళదామని బేసిల్ బయటికొచ్చాడు. మంగమ్మ చర్చికి కట్టుకునే చీర కట్టుకుని, హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, కారులో స్టీరింగు ముందు కూర్చుని ఉంది.

"అక్కడెందుకు కూచున్నావమ్మా?"

"బ్రేకు తొక్కడానికి. హంబా, ఎళ్ళి తీసుకురా. రంగు డబ్బాల ఎనకాల ఉంది." హంబా అంటే అక్కడివాళ్ళ మాటలో పో అని.

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడలేదనుకుంటుందట. వారం నుంచీ తెలిసి కూడా ఆవిడ ఒక్క మాట అనలేదు. అదే అతనికి ఎక్కువ సిగ్గనిపించింది. తల వంచుకుని వెళ్ళి తెచ్చాడు.

క్రాంకు కొనను నూనె గుడ్డతో తుడిచాడు. దాని గాడిలో ఉండే చిన్న ఇనుప ముక్క, కీ అంటారు, కదలకుండా కూర్చుందని చూసుకున్నాడు. పుల్లీ గాడిని సరిగ్గా దాని ఎదటికి తెచ్చి చేత్తో నెట్టాడు. సగం దాకా వెళ్ళి ఆగింది. అతని చెయ్యి సుత్తి మీదికి పోయింది.

"కొట్టమాక" అంది మంగమ్మ కారులోంచి. "రబ్బరు పోద్ది. బోల్టుతోనే నిదానంగా లాక్కోవాల. గేరు నాలుగులో ఏసినాను. క్లచ్చి ముట్టుకోను."

ఆవిడ జన్మలో కారు నడపలేదు. ఇదంతా ఎలా తెలుసా అనుకుంటూ బేసిల్ సుత్తి వదిలి పానా అందుకున్నాడు.

"మీ నాన్న లారీకి ఇది బిగించినప్పుడల్లా బ్రేకు మీద ఎవురనుకున్నావు? ఇంజను తిరిగిపోకుండా నేనేగా పట్టింది. ఆ రివర్‌సైడ్ పెరట్లోనే."

బోల్టు ఎక్కించి తిప్పాడు. పుల్లీ కొంచెం కొంచెంగా లోపలికి వెళ్ళి ఆనుకుంది. ఆఖరి బిగింపుకి పానాకి పొడుగు గొట్టం తొడిగి లాగేసరికి ఇంజనే తిరగబోయింది. మంగమ్మ హ్యాండ్‌బ్యాగు పక్కన పెట్టి, స్టీరింగు పట్టుకుని, రెండు పాదాలూ బ్రేకు మీద పెట్టింది. "ఇప్పుడు లాగు" అంది. ఈసారి ఇంజను కదల్లేదు. బోల్టు బిగిసింది.

బెల్టూ రేడియేటరూ పెట్టి బయల్దేరేసరికి మధ్యాహ్నం దాటింది. రివర్‌సైడ్‌లో ఓటు వేసేచోట వరస పొడుగే. ఓటు వేసి వచ్చి మంగమ్మ కారెక్కింది, ఏటివైపు దిగే వాలులో ఒకచోట ఆపమంది. ఇల్లు లేదు. వీధీ లేదు. నడుము లోతు గడ్డిలో సిమెంటు చప్టా ఒకటి మిగిలింది.

"మీ నాన్న లారీ ఆడ పెట్టేవాడు" అంది మామూలుగా, పొయ్యి ఎక్కడుండేదో చెప్పినంత మామూలుగా.

బేసిల్ దానివైపే చూశాడు. ఆనాడు లారీలో, సామాన్ల మధ్య కూర్చుని, నాన్న చూస్తాడని ఏడవకుండా వచ్చిన పిల్లాడు అతనే. ఇన్నాళ్ళూ భయం అమ్మ గురించి కాదని అప్పటికి గాని తెలిసిరాలేదు. స్టీరింగు మీద తల పెట్టి బావురుమన్నాడు. కాలు బ్రేకు మీంచి జారింది, కారు వాలులోకి కదిలింది.

మంగమ్మ చెయ్యి చాచి హ్యాండ్‌బ్రేకు లాగింది.

"ఏడువు నాయనా" అంది. "బండి నేను పట్టుకున్నాను."